మూడు తుమ్ముల కేసు

"రాసుకో పద్మా! ఈ భూమ్మీద రహస్యాలు రెండే రకాలు. ఒకటి, నేను బయటవెట్టింది. రెండోది, నేను రేపు బయటవెట్టేది!"

కోరుట్ల బస్టాండు వెనుక సందుల ఉన్న జిరాక్సు షాపుల, ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి, కుడిచెయ్యి ఫ్యాను రెక్కలకు తాకకుంట జాగ్రత్తగ పైకెత్తి, డిటెక్టివ్ ఆనందం ఈ ముక్క ప్రకటించిండు. వినేటందుకు ఇద్దరే ఉన్నరు. ఒకటి జిరాక్సు మిషను, రెండు పద్మ. మిషను ఒక కాయితం మింగి ఊకున్నది. పద్మ ఆ కాయితాన్ని గుంజుకుంట, "సరే బావా, జర కిందికి దిగు. ఆ కుర్చీ కాలు పగిలున్నది" అన్నది.

ఆనందం ఏదో సర్కారు ఆఫీసుల ముప్పై ఏండ్లు అటెండరుగ ఫైళ్లు మోసి రిటైరైండు. మోసిన ఫైళ్లల్ల ఒక్కదాన్ని గూడ తెరిచి చూడనియ్యలేదట. ఆ కసి లోపల్లోపల ముదిరి, అరవై నిండంగనే డిటెక్టివ్ రూపంల బయటవడ్డది. తమ్ముడు మధుకర్ దుబాయిల ఉంటడు. తమ్ముని పెండ్లాం పద్మ ఈ షాపు నడుపుతది. షాపుల సగం బల్ల ఈయన ఆఫీసు. బల్ల మీద ఒక భూతద్దం, ఒక రాగి చెంబు నిండ నీళ్లు.

ఇప్పటిదాక ఆనందం పట్టిన కేసులు పదమూడు. పదమూడోది పక్కింటి కుక్కరు విజిల్ మాయమైన కేసు. తొమ్మిది మందిని విచారించి, ఇద్దరిని ఏడిపించి, ఆఖరికి విజిల్‌ను తన అంగి జేబుల్నే దొరకవట్టిండు. "నేరస్థుడు ఎంత తెలివైనోడంటె, నా జేబునే అడ్డా చేసుకున్నడు" అని వాట్సాప్ గ్రూపుల పెట్టిండు. ఆ గ్రూపు పేరు 'ఆనందం పరిశోధనలు – పరమ రహస్యం'. అండ్ల నాలుగు వందల పన్నెండు మంది ఉన్నరు.

గా రోజు పొద్దున పదిన్నరకు ఒక పిల్ల షాపుల అడుగువెట్టింది. ఇరవై రెండు, ఇరవై మూడేండ్లుంటయ్.

"డిటెక్టివ్ సార్ మీరేనా? మా సిరిసిల్ల బస్సు వెనుక మీ బోర్డు చూసిన. ఎంతటి గుట్టయినా ఇరవై నాలుగు గంటల్ల రట్టు అని..."

"నేనే. ఇగ నువ్వేం చెప్పకు, నేనే చెప్త." భూతద్దం తీసి ఆమె చెప్పులను కిందికెల్లి మీదికి చూసిండు. "నువ్వు సిరిసిల్ల నుంచి అచ్చినవ్!"

"ఇప్పుడే అన్న గద సార్."

"చూసినవా పద్మా? వెంటనే ఒప్పుకున్నది!"

పిల్ల పద్మ దిక్కు చూసింది. నేనేం చేసుడు తల్లీ అన్నట్టు పద్మ తలకాయ ఊపి, కూసోమని స్టూలు జరిపింది.

"నా పేరు అలేఖ్య" అన్నది పిల్ల. "బట్టలు కుట్టే కంపెనీల సూపర్‌వైజర్ని. మా బాపు ఐలయ్య, మా అమ్మ లచ్చవ్వ. మాకు మరమగ్గాలున్నయ్. నన్ను కన్నది వాళ్లు కాదు, పెంచుకున్నరు. ఈ సంగతి నాకు చిన్నప్పుడే చెప్పిండ్రు, ఏం దాచలే. నేను పుట్టింది జగిత్యాల దవాఖానల, రెండువేల రెండుల, తొలి ఏకాశి నాడు. ఆరు దినాలు ఉంచుకొని, ఏడో దినం శిశుగృహానికి ఇచ్చిండ్రట."

పద్మ చేతులకెల్లి కాయితాలు జారి కిందవడ్డయ్.

తొలి ఏకాశి నాడు, జగిత్యాల దవాఖానల, వానల తడిసిన కిటికి పక్క మంచం మీద బిడ్డను కన్నది పద్మనే. అప్పటికి ఆమెకు ఇరవయ్యేండ్లు. పెండ్లి కాలే. పెండ్లి చేసుకుంటనన్నోడు మొకం చాటేసిండు. ఆరు దినాలు బిడ్డను ఒళ్లె పెట్టుకొని, ఏడో దినం సంతకం పెట్టి ఇచ్చింది. నా పేరు ఎన్నడు ఎవరికి చెప్పొద్దని ఇంకో కాయితం మీద గూడ సంతకం పెట్టింది. తర్వాత మధుకర్ సంబంధం అచ్చినప్పుడు ఆయనకు అంతా చెప్పింది. "మనిద్దరి నడుమ ఉండనీ" అన్నడు మధుకర్. గంతే, మళ్ల ఎత్తలే. కానీ పదో తరగతి చదువుతున్న బిడ్డ అక్షితకు తెల్వది, అత్తగారింట్ల ఎవ్వరికి తెల్వది. ఈ బావకు తెలిసిందంటె నాలుగు వందల పన్నెండు మందికి తెలిసినట్టే.

"పద్మా, కాయితాలు పడ్డయ్" అన్నడు ఆనందం. అంత సునిశితమైన చూపు ఆయనది.

"జగిత్యాలల పిల్లల ఆఫీసుకు పోయిన సార్" అన్నది అలేఖ్య. "అర్జీ పెట్టిన. కన్నతల్లిని అడిగి, ఆమె సరే అంటేనే చెప్తమన్నరు. ఆమె ఏడున్నదో దొరుకుతలేదంట. ఎదురుచూస్తున్న. నాకు ఆమె పేరు వద్దు, ఇల్లు వద్దు, ఆస్తి అసలే వద్దు. ఒక్కటే అడగాలె."

"ఏంది?"

"చెప్తె నవ్వుతరు. ఉండుండ్రి, చూపెడ్త."

షాపు దాటి ఎండల నిలవడ్డది. హచ్చి! హచ్చి! హచ్చి!

ఆనందం దడుక్కొని కుర్చీల కూలవడి, రాగి చెంబు ఎత్తి గటగట నీళ్లు తాగిండు. చెంబు ఉన్నది గిందుకే. పనిమీద బయలెల్లంగ ఎవరన్న తుమ్మితె కూసొని నీళ్లు తాగి గని కదలడు. ఒక్క తుమ్మయితె ఆగాలె, రెండయితె పోవచ్చు, మూడయితె మళ్ల ఆగాలె. సైన్సు వేరే, శకునం వేరే అంటడు.

"ఎండ కండ్లల్ల పడ్డదంటె మూడు తుమ్ములు" అన్నది అలేఖ్య లోపలికచ్చి. "ఎక్కువ రావు, తక్కువ రావు. మా ఇంట్ల ఎవ్వరికి లేదు. డాక్టర్ను అడిగితె, గిది కన్నతల్లి నుంచో కన్నతండ్రి నుంచో అస్తదన్నడు. అంటె నాకు వాళ్లిద్దరిట్ల ఒకరిచ్చింది గిదొక్కటే సార్. ఆమెకు గూడ గిట్లనే అస్తయా? అది తెలిస్తె సాలు."

పద్మ మూతి మీద, ముక్కు కింద, చూపుడువేలు గట్టిగ ఒత్తుకున్నది.

అది ఆమెకు ఇరవయ్యేండ్ల అలవాటు. పెండ్లయి ఈ ఇంటికి అచ్చిన మొదటి నెల, ఈ బావ ఆఫీసుకు పోతుంటె వాకిట్ల నిలవడి మూడుసార్లు తుమ్మింది. ఆ దినం ఆయనకు సైకిలు పంచరైంది, పై ఆఫీసరు తిట్టిండు, టిఫిను డబ్బల కూర ఒలికింది. అత్త నెలరోజులు సాధించింది. గప్పటికెల్లి పద్మ ఎండలకు పోయేముందు వేలు ముక్కు కింద పెట్టుకొని తుమ్మును ఆడికాడనే చంపుడు నేర్చుకున్నది. ఎవ్వరు లేనప్పుడు డాబా మీదికి పోయి తనివితీర తుమ్ముకుంటది. ఆనందం ఆ దినం ఆడ ఉన్నడు గని, పంచరు తప్ప ఆయనకేం యాదికి లేదు.

"కేసు నంబర్ పద్నాలుగు!" అని ఆనందం బల్ల మీద గుద్దిండు. చెంబు పడ్డది. "మహా కుట్ర! జగిత్యాల ఆఫీసుల దాగిన ఆ ఫైలును రేపే ఛేదిస్త. పద్మా, నువ్వు గూడ రా, అర్జీ రాసేందుకు."

ఒంటరిగ పంపితె ఏం చేసుకొస్తడోనని పద్మ వెంట పోయింది.

జగిత్యాల ఆఫీసుల రమ మేడం మెల్లగ మాట్లాడే మనిషి. ఆనందం తన కార్డు బల్ల మీద పెట్టి, గొంతు లావు చేసి, "మీ గుట్టు నాకు తెలుసు. ఫైలు తెరువుండ్రి" అన్నడు.

"మీరు ఆ పిల్లకు ఏమైతరు?"

"డిటెక్టివ్‌ను."

"అంటె మూడో మనిషి. మూడో మనిషికి చెప్పం. ఏ పిల్లనో, ఏ ఫైలో గూడ నేను మీతోని మాట్లాడ."

"నేను ముప్పై ఏండ్లు ఫైళ్లు మోసిన మేడం!"

"మోసిండ్రు. మంచిదే. చదవలే గద, ఇదిగూడ గట్లనే."

ఆనందం ఇగ రెండో ఎత్తు వేసిండు. బల్ల కిందికెల్లి సెల్లు మెల్లగ పైకి తీసి, మేడం వెనుక అల్మారిల ఉన్న ఫైళ్ల దిక్కు పెట్టి, టకటక ఫొటోలు కొట్టిండు. ఫ్లాషు మెరిసింది. గదంతా మెరిసింది. రమ మేడం అటెండరును పిలిచి తలుపు తెరవమన్నది.

పద్మ లేవలే. ఆనందం తలుపు దాక పోయేదాక చూసి అడిగింది. "మేడం, ఊకెనే అడుగుతున్న. నా పేరు చెప్పొద్దని రాసిచ్చిన తల్లి మనసు ఎన్నడన్న మారితె?"

రమ మేడం ఆమె మొకం దిక్కు ఒక్క ఘడియ చూసింది. "రాసిచ్చింది ఎన్నేండ్లయినా మా కాడ భద్రంగ ఉంటదమ్మా. పిల్లకు అడిగే హక్కున్నది, తల్లికి వద్దనే హక్కున్నది. మనసు మారితె మార్చుకునే హక్కు గూడ తల్లిదే. ఆమె వచ్చి ఒక్క సంతకం పెడితె సాలు." తలుపు కాడ నిలవడ్డ ఆనందాన్ని చూసి, "డిటెక్టివ్ అవసరం లేదు" అన్నది.

బస్సుల ఆనందం ఫొటోలు తెరిచిండు. పదకొండు ఫొటోలున్నయ్. సెల్ఫీ కెమెరా పెట్టుకున్నడు. పదకొండింటిల్ల ఆయన ముక్కు రంధ్రాలే, కింది నుంచి.

"వీటిల్ల ఏదో సంకేతం ఉన్నది" అని వాటిని పెద్దగ చేసుకుంట కోరుట్ల దాక చూసిండు. పద్మకు నవ్వు రాలే. ఇన్నేండ్లు తన పేరును ఒక అల్మారిల ఎవరో తెల్వనోళ్లు కాపాడుకుంట అచ్చిండ్రు. ఆ సంగతే ఆమె గుండెల కలియతిరుగుతున్నది.

మర్నాడు ఆనందం సిరిసిల్లకు మారువేషంల పోయిండు. మగ్గాల మిస్త్రీ వేషం. ఐలయ్య మగ్గం పొద్దటి నుంచి ఆగి ఉన్నది. "దేవుడు పంపినట్టు అచ్చినవ్ అన్నా" అని ఐలయ్య చేతుల పానా పెట్టిండు. ఆనందం ఒక బోల్టు బిగించంగనే పక్కన నడుస్తున్న మూడు మగ్గాలు గూడ ఆగినయ్. ఆ గడబిడల లచ్చవ్వ ఆయన మొకం తేరిపార చూసి, "మీరు బస్సు వెనుక బోర్డు మీది సార్ గద?" అన్నది. తిట్టలే. కడుపునిండ అన్నం పెట్టి పంపింది.

"ఏం తేలింది బావా?" అని పద్మ అడిగింది, సాయంత్రం ఆయన తిరిగొచ్చినంక.

"పనికచ్చే సాక్ష్యం ఒక్కటి లేదు. ఆ లచ్చవ్వ ఒకటే ముచ్చట. ఆమె మీకు దొరికితె, పేరు మాకు చెప్పకున్నా మంచిదే గని, పిల్ల మంచిగున్నదని మాత్రం చెప్పుండ్రి అన్నది. చేపల పులుసంటె పానం ఇడుస్తదట. కోపమొస్తె రెండు దినాలు మాట్లాడదట. ఇంత బంగారమసొంటి పిల్లను మాకిచ్చినందుకు ఆమె కాళ్లు మొక్కుతనన్నదని చెప్పాలెనట. గివన్ని కేసుకు అక్కెరకు రావు, కొట్టెయ్యి."

పద్మ మిషను వెనుకకు పోయి టోనరు డబ్బ తెరిచి కూసున్నది. ఆ టోనరు దుమ్ము కండ్లల్ల పడ్డదని చాలసేపు కండ్లు తుడుచుకున్నది.

నాలుగో దినం ఆనందం అసలు పథకం బయటికి తీసిండు.

"ఉచిత కంటి శిబిరం! నలభై దాటిన ఆడోళ్లందరిని చీకటి గుడారంల పది నిమిషాలు కూసోవెట్టి, ఒక్కసారే ఎండలకు తోలుడు. మూడు తుమ్మిందంటె ఆమే తల్లి! ప్రపంచంల ఇట్లాంటి ఉపాయం ఏ డిటెక్టివ్‌కన్న అచ్చిందా?"

"రాలే బావా" అన్నది పద్మ. నిజంగనే అన్నది.

కరపత్రంల ఆనందం 'తుమ్మండి, తల్లి అని నిరూపించుకోండి' అని రాసిండు. పద్మ అది తీసేసి వట్టి కంటి పరీక్ష అని టైపు కొట్టింది. కానీ ఆనందం తన రాతను అలేఖ్య పుట్టిన తారీఖుతోని, దవాఖానతోని సహా అప్పటికే గ్రూపుల పెట్టేసిండు. కింద 'ఇది రహస్యం, నలుగురికి మించి చెప్పరాదు' అని గూడ రాసిండు.

ఆదివారం పదకొండు గంటలకు పిండి పట్టే శంకరయ్య గిర్ని పక్క ఖాళీ జాగల నల్ల టార్పాలిన్ గుడారం లేచింది. అచ్చినోళ్లకు స్టీలు గిన్నె ఇస్తమన్నందుకు పద్మతోని కలిపి ముప్పై ఏడు మంది అయిండ్రు. కంటి డాక్టరు ఏడి అని ఒకామె అడిగితె, "తొవ్వల ఉన్నడు" అన్నడు ఆనందం.

"ముందు మనింటి ఆడిది పోవాలె. నువ్వే పద్మా!" అని చెయ్యి చూపెట్టిండు. "ఇంకోటి, బయటికొచ్చేటప్పుడు మొకం మీద చెయ్యి పెట్టొద్దు. చేతులు వెనుకకు కట్టుకోవాలె. సైన్సు!"

పద్మ గుడారంలకు పోయి కూసున్నది. చీకట్ల కూసున్న ఆ పది నిమిషాలు ఆమెకు అక్షిత మొకం యాదికచ్చింది, అత్త నోరు యాదికచ్చింది, దుబాయిల మధుకర్‌కు ఫోన్ల మీద ఫోన్లు పోవుడు కండ్లకు కట్టింది. తప్పించుకునే తొవ్వ లేదు. బయట ఆనందం పుస్తకం, పెన్ను పట్టుకొని, "రా పద్మా, బయటికి రా!" అని పిలిచిండు.

ఆమె ఎండల అడుగు పెట్టుడు, పక్కన శంకరయ్య గిర్నిల మిరపకాయల బస్తా కుమ్మరించి మోటరు ఆన్ చేసుడు ఒక్కసారే అయింది. వానకాలానికి కారం పట్టించుకునే రోజులాయె. ఎర్రటి ఘాటు గుప్పున లేచింది.

పద్మ తుమ్మింది. వెనుక ఉన్న ముప్పై ఆరు మంది తుమ్మిండ్రు. ఎనభై దాటిన పోచవ్వ ఊతకర్ర పడేసి తుమ్మింది. కట్టేసిన మేక తుమ్మింది. శంకరయ్య అలవాటున్నోడు, ఆయన గూడ తుమ్మిండు. ఆనందం ఒక్కొక్కరి పేరు రాసుకుంట రాసుకుంట తొమ్మిదిసార్లు తుమ్మి, నీళ్ల చెంబు కోసం అటిటు ఉరికిండు.

"శంకరయ్యా! పరిశోధన నడుస్తుంటె కారం పడ్తవా?"

"గిర్నిల కారం పట్టకుంట కండ్లద్దాలు పట్టాల్నా?" అని శంకరయ్య లోపలికెల్లి అరిచిండు.

ఆడోళ్లు మొకాలు కడుక్కొని, గిన్నెలు తీసుకొని, తిట్టుకుంట పోయిండ్రు. ఆనందం పుస్తకంల ముప్పై ఏడు మంది తల్లులు తేలిండ్రు, మేకను కలపకుంట.

అప్పుడు అచ్చింది అలేఖ్య. కండ్లు ఎర్రగున్నయ్. అది కారం తోని కాదు.

"సార్! మీ గ్రూపుల పెట్టింది మా కంపెనీల గూడ తిరుగుతున్నది. ఏంది సార్ గిది?"

"దర్యాప్తు! అందర్ల నడుమ దొరకవట్టి..."

"అందర్ల నడుమనా?" అన్నది పిల్ల. "ఆమె ఎందుకు దాచుకున్నదో, ఏం తిప్పలు పడ్డదో మీకు ఎరుకనా? ఆమెకు ఓ ఇల్లుంటది, పిల్లలుంటరు. నేను ఒక్క మాట అడుగుతనన్న గని, ఆమెను బజార్ల నిలవెట్టుమన్ననా? నాకు ఈ కేసు వద్దు. ఆమెకు ఇష్టముంటె అస్తది, లేకుంటె లేదు. మీరు మాత్రం ఆమెను దేవులాడొద్దు. అది తీసెయ్యుండ్రి, ఇప్పుడే!"

నాలుగు దినాల సంది పద్మ ఈ పిల్లను చూసి భయపడ్డది. ఇప్పుడు చూస్తె, ఊరంతట్ల తన గుట్టు కోసం కొట్లాడుతున్నది గీ పిల్ల ఒక్కతే.  ఆనందం సెల్లు తీసి, పెట్టిందంతా గ్రూపుల నుంచి తీసేసిండు. మొదటిసారి ఆయన మొకంల సిగ్గు కనవడ్డది.

"నేను బస్టాండు దాక అస్త పా" అన్నది పద్మ. ఆనందం గూడ తల దించుకొని వెంట నడిచిండు.

బస్టాండుల రేకుల షెడ్డు కింద నీడకు నిలవడ్డరు. సిరిసిల్ల బస్సుకు ఇంకో పావుగంట ఉన్నది. ఆనందానికి అంతసేపు ఊకె ఉండుడు చాతకాలే. భూతద్దం తీసి నేల చూసిండు.

"ఆగుండ్రి! టైర్ల గుర్తులు, బీడీ ముక్కలు, పల్లీల పొట్టు... బస్సు ఈడ ఆగది. అగో, ఆ కరెంటు స్తంభం కాడ ఆగుతది. రాండ్రి, సీటు దొరుకుతది!"

ఇద్దరిని చేతులు పట్టి, షెడ్డు కిందికెల్లి నడి ఎండలకు గుంజుకపోయిండు. ఆడ ఏ కాలంల గూడ ఏ బస్సు ఆగలే.

ఎండ కండ్లల్ల పడ్డది. పద్మ చెయ్యి అలవాటుగ ముక్కు దిక్కు లేచింది. పక్కన అలేఖ్య ముక్కు ఎగవీల్చింది. పద్మ ఆ పిల్లను చూసింది. లేచిన చెయ్యిని మెల్లగ కిందికి దించింది.

హచ్చి! అన్నది అలేఖ్య. హచ్చి! అన్నది పద్మ. హచ్చి! హచ్చి! హచ్చి! హచ్చి!

ఆరోది ఆగింది. అలేఖ్య కండ్లు పెద్దగైనయ్.

"మీకు గూడ..." అని ఆగిపోయింది.

"మూడే" అన్నది పద్మ. "ఎక్కువ రావు, తక్కువ రావు."

"శంకరయ్య కారం!" అని ఆనందం మండిపడ్డడు. "ఇంత దూరం గూడ ఎంటవడ్డది చూసిండ్రా? అవునుగని పద్మా, నువ్వు తుమ్ముతవా? ఇందాక గిర్ని కాడ తప్ప ఇన్నేండ్లల్ల నేనెన్నడు చూడలే." తర్వాత వేళ్లు మడిచి లెక్కవెట్టి, మొకం వెలిగించుకున్నడు. "ఈమెవి మూడు, నీవి మూడు, కలిపితె ఆరు. సరి సంఖ్య! దివ్యమైన శకునం. ఇగ ఎటు పోయినా జయమే!"

"అట్లయితె నేను జగిత్యాలకు పోతున్న బావా" అన్నది పద్మ. చూపు మాత్రం పిల్ల మీదికెల్లి తియ్యలే. "రమ మేడంను ఫోన్ చేసి అడుగుత. ఎప్పుడో పెట్టిన సంతకం ఒకటున్నది, మార్చాలె. ఈ పిల్లను గూడ తోల్కపోత."

"ఆదివారం నాడు సంతకమేంది?"

"రాత్రికి జగిత్యాలల మా చెల్లె ఇంట్ల ఉంటం. తెల్లారి సోమవారమే గద. అక్షితకు అన్నం పెట్టు. వచ్చినంక దానికి నేనే అన్ని చెప్పుకుంట."

"పో, పో! ఆరు తుమ్ములంటె మాటలు గాదు" అన్నడు ఆనందం, ఎదురుంగ కదులుతున్న జగిత్యాల బస్సును చెయ్యెత్తి ఆపుకుంట.

ఇద్దరు ఎక్కి ఒక్క సీట్ల కూసున్నరు. పద్మ రెండు టికెట్లు తీసుకున్నది. "చేపల పులుసు ఇష్టమట గద" అన్నది పద్మ. అలేఖ్య ఏడ్చుకుంట నవ్వింది. పద్మ ఆ పిల్ల చెయ్యి తన ఒళ్లెకు తీసుకున్నది.

బస్సు ఊరు దాటంగ పద్మ సెల్లు మోగింది. పరమ రహస్యం గ్రూపుల ఆనందం పెట్టిండు: "కేసు నంబర్ పద్నాలుగు మూసేసిన. సదరు తల్లి కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లలల్ల ఏడ లేదని నా పరిశోధనల తేలింది. ఇగ ఎవ్వరు ఆమెను వెతకొద్దు. – డిటెక్టివ్ ఆనందం."

చదివి ఇద్దరు పొట్టలు పట్టుకొని నవ్విండ్రు. నవ్వుతుండంగనే బస్సు మలుపు తిరిగింది, కిటికిలకెల్లి ఎండ మొకం మీద పడ్డది, ఇద్దరు మళ్ల తుమ్మిండ్రు. ఈసారి ఎవ్వరు లెక్కవెట్టలే.